బాయిలరుకి ఒంట్లో బాగోలేదు

మా అత్తయ్యకీ, ఆవిడ చెల్లెలు చిన్నత్తయ్యకీ మాటలు ఆగిపోయింది దుప్పటి మడత దగ్గర. ఉతికి ఆరబెట్టిన దుప్పటిని నాలుగు మడతలు వెయ్యాలని అత్తయ్య. మూడే వెయ్యాలని చిన్నత్తయ్య. నాలుగు వేస్తే అల్మరాలో బుద్ధిగా కూర్చుంటుందని ఒకరు, మూడు వేస్తే పరిచినప్పుడు నడిమధ్యన గీత పడదని ఇంకొకరు. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. మాది ఆస్పత్రి బట్టలుతికే లాండ్రీ, పొద్దున లేచింది మొదలు దుప్పట్లే మా లోకం, కాబట్టి మాకు నవ్వు రాలేదు.

ఉతికే హాలు అత్తయ్యది, ఇస్త్రీ హాలు చిన్నత్తయ్యది. రెండింటికీ మధ్య గోడంత అద్దాల కిటికీ. గొడవైన రోజునే చిన్నత్తయ్య ఆ కిటికీకి తన వైపు తెర కట్టింది. ఆవిడ తెరని చూడడం కూడా ఇష్టం లేక అత్తయ్య తన వైపు ఇంకో తెర కట్టింది.

అప్పట్నుంచీ వాళ్ళ మధ్య కబుర్లు మోసింది నేను. నేను ఆ ఇంటి కోడల్ని, లాండ్రీలో కంప్యూటర్లు చూసుకుంటాను. చూసుకోనిస్తే గదా. "పోయి ఆవిడతో చెప్పు, ఆస్పత్రి బట్టలు తడిగా వస్తున్నాయని అనొద్దని." "పోయి ఆవిడతో చెప్పు, తడిగా ఉంటే తడిగా ఉన్నాయనే అంటారని." కాళ్ళకి బలపాలు కట్టుకుని ఆ వరండాలో అటూ ఇటూ తిరిగేదాన్ని. పైగా నేను మాట మారుస్తున్నానని ఇద్దరికీ అనుమానం. మార్చేదాన్నే. మార్చకుండా చెబితే ఆ ఇల్లు ఎప్పుడో అంటుకునేది.

చివరికి విసుగెత్తి మెసేజ్ బ్రోకర్ పెట్టాను. పెళ్ళికి ముందు నేను ఉద్యోగం చేసిన చోట ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునేవి కావు. మధ్యలో ఈ బ్రోకర్ అనే ఇంకో ప్రోగ్రాము ఉండేది. ఎవరి కబురు వాళ్ళు దాని చేతిలో పెట్టి తమ పనికి తాము పోయేవాళ్ళు. అది అన్నిటినీ వరుసలో నిలబెట్టి, ఎవరిది వాళ్ళకి అందించేది. తీసుకోవలసినవాళ్ళు నిద్రలో ఉంటే లేచేదాకా ఆగేది. మాట మార్చదు, సొంత కవిత్వం కలపదు, అలగదు. ఇలాంటిది కంపెనీలకన్నా మా ఇంటికే ముందు కావాలనిపించింది.

దానికి మధ్యవర్తి అని పేరు పెట్టాం. ఉతికే మిషన్లు, బాయిలరు, ఆస్పత్రి కంప్యూటరు, ఇద్దరత్తయ్యలు, పనివాళ్ళు, అందరూ దాని ద్వారానే మాట్లాడాలి. 'ఈ బట్టలు ఉడికించడం అయిపోయింది' అని మిషను చెబుతుంది. 'నా వేడి ఇంత' అని బాయిలరు చెబుతుంది. మనుషులకైతే ఫోన్లోనో టాబ్లెట్లోనో మూడు గడులు ఉంటాయి: ఎవరి నుంచి, ఎవరికి, ఏమిటి.

"ఇందులో అబద్ధం రాదు కదా?" అని అత్తయ్య అడిగింది.

"రాదత్తయ్యా. నాదీ పూచీ," అన్నాను. నా నోటికి కాస్త తొందరెక్కువ.

మొదట్లో బాగానే ఉంది. నా కాళ్ళకి విశ్రాంతి దొరికింది. కానీ తెరలు మాత్రం తొలగలేదు. పైగా ఒకరోజు ఇద్దరూ విడివిడిగా నన్ను పిలిచి ఒకే మాట చెప్పారు: కిటికీ తీసేసి గోడ కట్టించేద్దాం, లాండ్రీ రెండు చేసేద్దాం. విడిపోవడంలో మాత్రం వాళ్ళకి భలే ఏకాభిప్రాయం. ఇటుకలు వచ్చి వరండాలో పేర్చుకున్నాయి.

మా ఆయన్ని కన్నది అత్తయ్య, పెంచింది చిన్నత్తయ్య. ఆవిడకి పిల్లల్లేరు. ఆయన పొద్దున టిఫిను ఇటు, మధ్యాహ్నం భోజనం అటు చేసే మనిషి. వాను నడుపుతాడు, నోరు విప్పడు. ఏదైనా అడిగితే, "అంత అవసరమా?" అంటాడు. అదొక్కటే ఆయనకి వచ్చిన పెద్ద వాక్యం. గోడ లేస్తే ఏ వైపు కూర్చుంటారని అడిగాను. ఆ రోజు రెండు చోట్లా తినలేదు.

అలాంటి సమయంలో అత్తయ్యకి మధ్యవర్తిలో ఒక కబురు వచ్చింది, చిన్నత్తయ్య పేరుతో: 'అక్కా, ఆలోచిస్తే నాలుగు మడతలే సరైనవి. చిన్నదాన్ని, తొందరపడ్డాను.' అత్తయ్య ఆ టాబ్లెట్ పట్టుకుని మిషను మిషనుకీ తిరిగి అందరికీ చూపించింది. "పాపం, దిగొచ్చింది. గోడ ఇప్పుడే వద్దులే, చూద్దాం," అంది.

మర్నాడే చిన్నత్తయ్యకి కబురు, అత్తయ్య పేరుతో: 'చెల్లీ, మూడు మడతల్లో ఉన్న అందం నాలుగింట్లో లేదు. పెద్దదాన్నయ్యుండీ తెలుసుకోలేకపోయాను.' చిన్నత్తయ్య ఇస్త్రీ ఆపించి మరీ చదివి వినిపించింది. "ఆ మాత్రం అన్నది, చాలు. గోడ సంగతి తర్వాత," అంది.

తాపీమేస్త్రీ వచ్చినప్పుడల్లా ఇద్దరూ వాయిదా వేశారు. ఆ తర్వాత వారానికోసారైనా క్షమాపణలు అటూ ఇటూ వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా ఎదుటావిడ మీద జాలి పెరుగుతోంది. ఎవరికి వాళ్ళు గెలిచేశారు కాబట్టి ఇద్దరూ పెద్దమనసు చేసుకుంటున్నారు. మడతలు మాత్రం అటు నాలుగు, ఇటు మూడు. అది నాకు వింతగా తోచింది గానీ, అడిగి చెడగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

ఇంతలో బాయిలరు మాట్లాడడం మొదలుపెట్టింది. ఎప్పుడూ వేడీ ఒత్తిడీ తప్ప ఇంకో ముక్క అనని బాయిలరు ఒక మధ్యాహ్నం ఇద్దరత్తయ్యలకీ ఇలా కబురు పెట్టింది: 'పొద్దుట్నుంచీ ఒకటే ఆయాసంగా ఉందండీ. అందరూ కాసేపు కూర్చుని టీ తాగితే నేనూ ఊపిరి పీల్చుకుంటాను. ఈ పరుగు అంత అవసరమా?'

మనిషి జ్వరమని చెబితే "మాత్రేసుకుని రా" అనే అత్తయ్య, బాయిలరుకి ఒంట్లో బాగోలేదనేసరికి కంగారుపడిపోయింది. పని ఆపించింది. అవతల చిన్నత్తయ్య ఇస్త్రీ ఆపించి, తడిగుడ్డతో వెళ్ళి దాని పొట్ట తుడిచొచ్చింది. ఆనాటి నుంచి పనివాళ్ళకి రోజూ టీ విరామం దొరికింది, అదీ బాయిలరు పుణ్యాన.

నేను మాత్రం ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. సాయంత్రం మా ఆయన్ని నిలదీశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరి నుంచి అన్న గడిలో బాయిలరు అని కొట్టాను. తీసుకుంది," అన్నాడు.

"తీసుకుందా?"

"ఆపలేదు మరి."

పెళ్ళయిన ఇన్నాళ్ళలో నాతో ఇంత పొడుగు మాట అనని మనిషి, బాయిలరు నోట్లో దూరి అంత కమ్మగా మాట్లాడాడే అని ఒళ్ళు మండింది. ఆ మంటలో అసలు సంగతి కాస్త ఆలస్యంగా వెలిగింది. ఆ గడిలో ఎవరు ఏ పేరు కొట్టినా మధ్యవర్తి నమ్మేస్తోంది. నాదీ పూచీ అన్న నోరు మూతపడింది.

అది నా ఒక్కదాని తలనొప్పి కూడా కాదు. కొద్ది రోజులకి ఆ ప్రోగ్రాము తయారుచేసినవాళ్ళే ప్రకటించారు. లోపం ఉంది, పంపేది ఎవరో సరిచూడకుండా అది కబుర్లు తీసుకుంటోంది, వెంటనే కొత్తది పెట్టుకోండి అని. కొత్తదాంట్లో ప్రతివాళ్ళకీ ఒక తాళంచెవి ఉంటుంది. పేరుకీ చెవికీ పొత్తు కుదరకపోతే కబురు గుమ్మంలోనే ఆగిపోతుంది. ఆస్పత్రివాళ్ళు కూడా అది చదివారు. తనిఖీకి మనిషిని పంపుతున్నామని చెప్పారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. 'ఉడికించడం అయిపోయింది' అని మిషను పేరుతో ఎవడైనా ఆకతాయి కబురు పెడితే, ఉడకని దుప్పటి రోగి మీదకి పోతుంది. కన్నం మూయక తప్పదు.

తనిఖీ రోజు పొద్దున్నే టాబ్లెట్లు సిద్ధం చేద్దామని అత్తయ్య గదికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఏదో కొడుతోంది. వెనకనుంచి చూశాను. 'ఎవరి నుంచి' గడిలో చిన్నత్తయ్య పేరు. 'ఎవరికి' గడిలో ఆవిడ పేరే. కింద: 'అక్కా, నిన్న నువ్వు పంపిన తలగడ గలీబులు ఎంత తెల్లగా...'

"అత్తయ్యా!"

ఆవిడ టాబ్లెట్ ఒళ్ళో బోర్లించింది. దొరికిపోయాక దబాయించడం ఆవిడకి అలవాటు. ఈసారి దబాయించలేదు.

"రాస్తుందేమోనని ఎదురుచూశానే. చూసి చూసి, ఎలాగూ రాసేదేగా అని నేనే రాసుకున్నాను. అది రాసేదే రాశాను, నా మాట ఒక్కటీ కలపలేదు," అంది.

నాకు నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపొచ్చింది. ఏ ఒక్కటీ బయటికి రానివ్వకుండా ఇస్త్రీ హాలు వైపు నడిచాను. చిన్నత్తయ్య గది తలుపు ఓరగా ఉంది. లోపలినుంచి అచ్చం అత్తయ్య గొంతు వినిపించింది, ఆ గద్దింపూ ఆ సాగదీతా అన్నీ సహా. "చూడు చెల్లీ... పెద్దదాన్ని... ఊహూ, పెద్దదాన్నయ్యుండీ... ఆఁ, ఇలా అంటుంది అది." చిన్నత్తయ్య ఒక్కతే కూర్చుని, అక్క గొంతుతో పైకి చదువుకుంటూ, ఒక్కో అక్షరం కొట్టుకుంటోంది.

తలుపు తట్టకుండా వెనక్కి వచ్చేశాను. ఇటుకల మీద కూలబడ్డాను. ఇన్నాళ్ళూ గోడని ఆపింది ఈ కన్నమే. మధ్యాహ్నం దాన్ని నా చేత్తోనే మూసెయ్యాలి. మూస్తే వీళ్ళకి క్షమాపణలు ఆగిపోతాయి. ఆగిపోతే మేస్త్రీ దిగుతాడు. మా ఆయన్ని పిలిచి అంతా చెప్పాను. ఆయన ఇటుకల్ని చూశాడు, నన్ను చూశాడు. 'అంత అవసరమా' అని కూడా అనలేదు.

తనిఖీ ఆయన భోజనాల వేళ దాటాక వచ్చాడు. సన్నగా, పద్ధతిగా, చొక్కా జేబుకి పెన్నుతో ఉన్నాడు. చెప్పులు వరసలో విడిచి, పక్కన ఎవరివో వంకరగా ఉంటే అవి కూడా సర్దాడు. అలాంటివాళ్ళతో నాకు భయం. అబద్ధం చెప్పలేరు, ఎదుటివాళ్ళని చెప్పనివ్వరు.

వరండాలో నా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "ముందు లోపం ఉన్నట్టు రుజువు చేస్తానమ్మా. మీరు కొత్తది పెట్టాక మళ్ళీ ప్రయత్నిస్తాను. అప్పుడు వెళ్ళకూడదు," అన్నాడు. నేను తల ఊపి, కొత్త ప్రోగ్రాము తీసుకోవడానికి పక్కకి వంగాను. ఆ వంగిన కాస్త సేపట్లో ఆయన పని కానిచ్చేశాడు.

"వెళ్ళాయమ్మా, రెండూ. లోపం ఉంది."

"ఏం వెళ్ళాయి?"

"ఈ పెద్దావిడ పేరుతో ఆ చిన్నావిడకి హలో. ఆ చిన్నావిడ పేరుతో ఈ పెద్దావిడకి హలో. మేం పరీక్షకి ఎప్పుడూ హలోనే వాడతామండీ."

రెండు హాళ్ళలోనూ టాబ్లెట్లు టింగుమన్నాయి.

ఉతికే హాల్లోకి పరిగెత్తాను. అత్తయ్య టాబ్లెట్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ చదువుతోంది. పేజీలకి పేజీలు క్షమాపణలు వచ్చినప్పుడు ఊరంతా చాటిన మనిషి, ఇప్పుడు ఎవరికీ చూపించడం లేదు. ఎలా చూపిస్తుంది? ఆ క్షమాపణలన్నీ తను రాసుకున్నవి. ఇది తను రాయలేదు. చెల్లెలి పేరుతో వచ్చిన మంచిమాటల్లో తను రాయనిది ఇదొక్కటే.

రబ్బరు చేతొడుగులు విప్పింది. కొంగుతో మొహం తుడుచుకుంది. కిటికీ దగ్గరకి వెళ్ళి తెర కొంచెం తప్పించింది. అవతలి తెర అప్పటికే తప్పించి ఉంది.

అద్దంలోంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏదో అన్నారు, వినపడలేదు. మిషన్ల హోరు. ఇద్దరూ ఒకేసారి వరండా తలుపు వైపు కదిలారు. ఇటుకల పక్కన ఎదురుపడ్డారు.

"ఏంటి, హలో అన్నావట," అంది అత్తయ్య.

"నేనా? నువ్వన్నావు."

"నువ్వన్నావు కాబట్టే వచ్చాను."

"నా దగ్గరుంది, చూస్కో. నీ పేరు."

"నా దగ్గరా ఉంది. నీ పేరు."

ఇద్దరూ టాబ్లెట్లు ఎత్తి పట్టారు. వాళ్ళ కళ్ళల్లో అనుమానం పొడచూపడం నాకు కనబడింది. ఎవరైనా ఎవరి పేరైనా పెట్టి రాయొచ్చు గదా అని ఇద్దరికీ తోచింది. కానీ ఆ మాట పైకి అంటే, నీకెలా తెలుసని రెండోవాళ్ళు అడుగుతారు. అందుకని మింగలేకా కక్కలేకా ఇద్దరూ ఇటుకల వైపు చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే తనిఖీ ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీరు పొరబడుతున్నారు. ఆ హలో సంగతి నేను చెబుతాను. నిజానికి..."

గుమ్మంలో మా ఆయన, చేతిలో ఫోను. పొద్దున ఆయనచేత ఒట్టు పెట్టించాను, మళ్ళీ బాయిలరు పేరుతో రాయనని. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

"ఏవండీ, బాయిలరుకి ఎలా ఉందో కాస్త కనుక్కోండి!" అని అరిచాను.

టింగ్. రెండు టాబ్లెట్లూ. అత్తయ్య పైకి చదివింది. "'అమ్మా, పిన్నీ, నాకు ఊపిరాడట్లేదు. కొత్తమనిషి వాసన నాకు పడదు. ఆయన్ని బయట చెట్టు కింద కూర్చోబెట్టి టీ ఇవ్వండి. మీరిద్దరూ మాత్రం ఇక్కడే ఉండండి.'"

అమ్మా, పిన్నీ అనేశాడు మహానుభావుడు. నేను కళ్ళు మూసుకున్నాను. వాళ్ళు మాత్రం ఆ మాటకి అడ్డు చెప్పలేదు.

"బాయిలరు మాట్లాడుతుందా?" అన్నాడు తనిఖీ ఆయన.

"మీ ఆస్పత్రిది మాట్లాడదా? పాపం," అంది చిన్నత్తయ్య.

"లేవండి, లేవండి. దానికి ఆయాసమొస్తే మా అందరి ప్రాణం మీదకొస్తుంది," అంటూ అత్తయ్య ఆయన చంక కింద చెయ్యి వేసి లేపింది. ఇటు అక్క, అటు చెల్లెలు, మధ్యలో ఆయన. ఎన్నాళ్ళకో ఇద్దరూ కలిసి ఒక పని చేశారు. ఆయన్ని చెట్టు కింద కూర్చోబెట్టారు.

వాళ్ళు అటు వెళ్ళగానే నేను కొత్త ప్రోగ్రాము పెట్టేశాను. అందరికీ తాళంచెవులు పంచాను. ఆయన టీ తాగుతూ చెట్టు కిందనుంచే ఇంకో హలో ప్రయత్నించాడు. గుమ్మంలోనే ఆగిపోయింది. "చాలా చక్కగా మూశారమ్మా," అని మెచ్చుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. బాయిలరు గురించి మాత్రం వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆ సాయంత్రం అక్కచెల్లెళ్ళు మళ్ళీ ఎవరి హాలుకి వాళ్ళు వెళ్ళిపోయారు. తెరలు మూసుకున్నాయి. ఆ రాత్రి ఎవరికీ క్షమాపణ రాలేదు, మేస్త్రీని ఎవరూ వద్దనలేదు. తెల్లారేసరికి అతను దిగి, వరండాలో సున్నపు గీత గీస్తున్నాడు. బాయిలరు వేడీ ఒత్తిడీ తప్ప ఏమీ అనడం లేదు.

అత్తయ్య నన్ను పిలిచింది. టాబ్లెట్ చూపించింది. మళ్ళీ చెల్లెలి పేరుతో రాసుకోబోయినట్టుంది. కింద ఎర్రగా ఒక వాక్యం: 'ఈ పేరు మీది కాదు.'

"నీ మధ్యవర్తి నన్ను తోసేస్తోందే," అంది. గొంతులో కోపం లేదు. అంత చిన్నగా ఆవిడ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"ఇకమీదట ఎవరి పేరుతో వస్తే వాళ్ళదేనత్తయ్యా."

"మరి నిన్నటి హలో? అది నిజంగా చెల్లే రాసిందా?"

నిజం నా నాలుక చివర ఉంది. అవతల మేస్త్రీ ఇటుకలు తడుపుతున్నాడు.

"మీరు రాశారా?" అని అడిగాను.

"నేను రాయలేదు."

"మరింకేం?"

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. అబద్ధాల్లో ఆవిడకి ఇప్పుడు నాకన్నా అనుభవం ఎక్కువ. తెలిసిపోయిందనే నా నమ్మకం. అయినా టాబ్లెట్ బల్ల మీద పెట్టేసి, అప్పుడే ఆరబెట్టే మిషనులోంచి వచ్చిన వేడి దుప్పటొకటి భుజాన వేసుకుని, కిటికీ దగ్గరకి నడిచింది. తెర మొత్తం లాగేసింది. అద్దం మీద వేలి మెటికతో తట్టింది.

అవతలి తెర వెంటనే తొలగలేదు. మళ్ళీ తట్టింది. మేస్త్రీ చేతిలో తాపీతో అలాగే నిలబడ్డాడు. మా ఆయన వాను ఇంజను ఆపేశాడు.

తెర తొలగింది. చిన్నత్తయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ చేతిలోనూ టాబ్లెట్ ఉంది. ఆవిడకీ మధ్యవర్తి 'ఈ పేరు మీది కాదు' అని చెప్పినట్టే ఉంది. కిటికీ గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇద్దరూ చెరోవైపునుంచీ కొట్టి కొట్టి ఊడదీశారు.

"పట్టుకో," అని అత్తయ్య దుప్పటి రెండు కొసలు కిటికీలోంచి అందించింది. "ఒక్కదాన్నే మడతపెడితే నేలకి రాసుకుంటోంది."

చిన్నత్తయ్య కొసలు పట్టుకుంది. "ఎన్ని?" అంది.

అత్తయ్య తన చేతిలోని కొసల్ని ఒకసారి లాగి సరిచేసింది.

"నీ ఇష్టం. ఈ ఒక్కదానికి."

చిన్నత్తయ్య మూడు మడతలు వేసింది. అత్తయ్య ఆ దుప్పటిని చేతుల్లోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "దరిద్రంగా ఉంది," అంది.

"నీ మొహంలా ఉంది," అంది చిన్నత్తయ్య.

ఇద్దరూ పోట్లాట మొదలుపెట్టారు. మిషన్ల హోరుని మించి వినిపిస్తున్నారు. వాళ్ళ మధ్య నేను లేను, మధ్యవర్తి లేదు. మా ఆయన మేస్త్రీ దగ్గరకి వెళ్ళి, ఇటుకలు చూపిస్తూ, అందరికీ వినపడేలా తన సొంత గొంతుతో అడిగాడు.

"అంత అవసరమా?"